పేరు తెలియని ఏడో పాట



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను ఏ కోట గురించో, ఏ ఆనకట్ట గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది పాటల చరిత్ర. అదీ మన పాటల చరిత్ర కాదు. 1960లలో ఇంగ్లండులో, అమెరికాలో పుట్టి, నలుగురి చెవిన పడకుండానే మూలన పడిన పాటల చరిత్ర. వాటిని బతికించింది పెద్ద కంపెనీలు కావు, ప్రభుత్వాలు కావు. ఇంట్లో కూర్చుని కేసెట్లు ఎక్కించుకుని, స్నేహితులకు పంచిన మామూలు మనుషులు. "ఈ వయసులో మీకిదేం పిచ్చి?" అని మా ఇంట్లో అడిగారు. మీరూ అడగవచ్చు. కానీ చివరిదాకా చదివి అడగమని మనవి.

ముందుగా మనందరికీ తెలిసిన ఒక ఆఫీసు మాట. ఫైలు ముగిసిందంటే దాన్ని ఎన్నాళ్లు ఉంచాలో పైన రాసి రికార్డు రూముకు పంపేవాళ్లం. ఎల్.డిస్. అయితే ఏడాది తర్వాత చించేయవచ్చు. డి.డిస్. అయితే పదేళ్లు. ఆర్.డిస్. అయితే శాశ్వతం. ఆ రెండక్షరాలు వేయడానికి అరనిమిషం పట్టేది. ఎల్.డిస్. వేసి చించేసిన కాగితం కోసమే పదిహేనేళ్ల తర్వాత ఏ ముసలాయనో మన బల్లల చుట్టూ తిరిగిన సందర్భాలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆనాడు ఆ కాగితం పనికిరాదనుకున్నవాడు చెడ్డవాడు కాడు. దాని అవసరం ఎప్పుడు పడుతుందో అతనికి తెలియదు, అంతే. పాటల విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

గురువు గారి కేసెట్లు

జై ఆంధ్ర ఉద్యమం చల్లారిన తర్వాత, 1973లో నేను హైదరాబాదులో ఎల్.డి.సి.గా చేరాను. మా సెక్షన్‌లో నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవారైన యు.డి.సి. ఒకరు ఉండేవారు. నోటింగు రాయడంలో ఆయనను మించినవారు లేరు కనుక అందరం ఆయన్ని గురువు గారు అనేవాళ్లం. ఇక్కడా అలాగే అంటాను. పంచెకట్టు, చేతిలో గొడుగు, నుదుట బొట్టు. చూసినవారెవరూ ఆయన రాత్రి పూట రేడియో సిలోన్ ఇంగ్లీషు పాటలు వింటారని ఊహించలేరు.

ఆయన బావమరిది ఇంగ్లండులో డాక్టరు. 1974లో సెలవుకు వచ్చినప్పుడు ఒక కేసెట్ రికార్డరు, తాను అక్కడ రికార్డుల నుంచి ఎక్కించిన మూడు కేసెట్లు తెచ్చాడు. రికార్డరు బావగారికి ఇచ్చి, కేసెట్లు మాత్రం తిరిగి తీసుకువెళతానన్నాడు. ఉన్న నెల రోజుల్లోనే వాటికి నకలు తీయాలి. పక్కింటివారి రికార్డరు అరువు తెచ్చి, దానిలో పాట పెట్టి, ఎదురుగా మన రికార్డరు మైకు పెట్టి, ఫ్యాను ఆపేసి, పిల్లలు పడుకున్నాక ఎక్కించారు. అందుకే ఆ నకళ్లలో పాటల వెనక వీధి కుక్కలు ఉన్నాయి, గోడ గడియారం పదకొండు కొట్టడం ఉంది.

రెండు కేసెట్లకు పాటల జాబితా ఉంది. మూడోదానికి లేదు. గురువు గారు ఇంగ్లండుకు ఉత్తరం రాస్తే, ఆ రికార్డులు తనవి కావని, గదిలో తనతోపాటు ఉన్న స్నేహితుడివని, అతను ఊరు మారిపోయాడని జవాబు వచ్చింది. గురువు గారు ఊరుకోలేదు. రేడియోలో విని ఒకటి, ఎవరింట్లోనో రికార్డు చూసి మరొకటి, ఏళ్ల తరబడి పేర్లు పట్టుకుని జాబితా నింపుకుంటూ వచ్చారు. ఎ వైపు ఏడో పాట ఒక్కటే మిగిలిపోయింది. దాని ఎదురుగా ఆయన గుండ్రటి చేతిరాతలో ఇలా ఉండేది: "7. పేరు తెలియదు. ఎవరికో ఉత్తరం."

ఆ పాటలు ఎలాంటివి?

వీటిని సైకెడెలిక్ పాటలు అంటారు. ఈ మాటను 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు, రచయిత ఆల్డస్ హక్స్‌లీకి రాసిన ఉత్తరంలో మొదట వాడాడు. మనసులో దాగినదాన్ని బయటపెట్టేది అని స్థూలంగా అర్థం. ఎల్.ఎస్.డి. వంటి మత్తుమందుల గురించి పుట్టిన మాట అది. పదేళ్లకు పాటలకు అంటుకుంది.

1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బృందం అమెరికా టెలివిజన్‌లో కనిపించింది. ఆ రాత్రి 7 కోట్ల మందికి పైగా చూశారు. ఆ తర్వాత ఊరూరా కుర్రాళ్లు గిటార్లు కొనుక్కుని, కార్లు పెట్టుకునే షెడ్లలో సాధన మొదలుపెట్టారు. 1966 నాటికి కొత్త విద్యలు వచ్చాయి. గిటారు నాదాన్ని కావాలని బొంగురుపోయేలా చేసే పెట్టె ఒకటి. టేపును వెనక్కి తిప్పి వినిపించడం మరొకటి. లండన్‌లోని స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు, ఒకే గొంతును రెండు టేపుల మీద లిప్తపాటు తేడాతో నడిపి ఇద్దరు పాడుతున్నట్టు వినిపించే ఉపాయం అదే సంవత్సరం కనిపెట్టాడు.

మన సంగీతానికీ ఇందులో వాటా ఉంది. 1965 చివరలో వచ్చిన ఒక బీటిల్స్ పాటలో జార్జ్ హారిసన్ సితారు వాయించాడు. మరుసటి ఏడు మన దేశానికి వచ్చి పండిట్ రవిశంకర్ గారి దగ్గర నేర్చుకున్నాడు. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంలో రవిశంకర్, అల్లా రఖా గార్ల కచేరీకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అయితే తన సంగీతాన్ని మత్తుమందులతో ముడిపెట్టడం రవిశంకర్ గారికి బొత్తిగా నచ్చలేదు. ఆ మాట ఆయన దాచుకోనూ లేదు.

దాచకూడని సంగతి మరొకటి ఉంది. ఆ మందులు కొందరి జీవితాలను నాశనం చేశాయి. టెక్సాస్‌లోని ఒక బృందం గాయకుడు రాకీ ఎరిక్సన్ 1969లో గంజాయి కేసులో పట్టుబడి, జైలు తప్పించుకోవడానికి మతి స్థిమితం లేదని చెప్పుకుంటే, 1972 వరకు మానసిక చికిత్సాలయంలో బంధించారు. బయటికి వచ్చాక మునుపటి మనిషి కాలేకపోయాడు. పాటలను మెచ్చుకునేవాళ్లం ఇది మరిచిపోకూడదు. గురువు గారైతే కాఫీ తప్ప మరేదీ ముట్టి ఎరుగరు. పాట బాగుండడానికి అదే చాలని ఆయన అనేవారు.

ఎందుకు మూలన పడ్డాయి?

ఆ కాలంలో పాట బయటికి వచ్చేది ఏడంగుళాల చిన్న రికార్డు మీద. నిమిషానికి 45 సార్లు తిరిగేది. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. చిన్న ఊరి బృందం డబ్బు పోగుచేసుకుని, ఒక చిన్న కంపెనీ చేత కొన్ని వందల రికార్డులు చేయించి, స్థానిక రేడియోకు, దుకాణాలకు ఇచ్చేది. రేడియో వాళ్లు వారం రోజులు వేసి చూసేవారు. అడిగేవాళ్లు లేకపోతే అంతటితో సరి. కుర్రాళ్లు చదువులకో, ఉద్యోగాలకో, కొందరు వియత్నాం యుద్ధానికో వెళ్లిపోయేవారు. మిగిలిన రికార్డులు అటక మీదికి. కొత్త ఒక వింత, పాత ఒక రోత. 1970 వచ్చేసరికి ఐదేళ్ల నాటి పాట పాచిపోయిన అన్నంతో సమానం. కంపెనీల లెక్కలో అవన్నీ ఎల్.డిస్. కాగితాలే.

చేతికి అందిన యంత్రం

ఫైలు చించేసే లోపల ఎవరో ఒకరు నకలు తీసి ఉంచుకుంటేనే మిగులుతుంది. పాటకు నకలు తీసే సాధనం సామాన్యుడి చేతికి వచ్చింది కేసెట్‌తోనే. ఫిలిప్స్ కంపెనీలో లూ ఆటెన్స్ అనే డచ్చి ఇంజనీరు, పెద్ద స్పూలు యంత్రాలతో విసిగిపోయి, కోటు జేబులో పట్టే చెక్కముక్క ఒకటి కోయించి, రికార్డరు ఇంతకంటే పెద్దది కాకూడదన్నాడట. 1963 ఆగస్టులో బెర్లిన్ ప్రదర్శనలో కేసెట్‌ను బయటపెట్టారు. కొలతలు తప్పకుండా పాటిస్తే చాలు, ఎవరైనా తయారు చేసుకోవచ్చని 1965లో ఫిలిప్స్ రుసుము లేకుండా అనుమతి ఇవ్వడంతో అది ప్రపంచమంతా పాకింది. ఆటెన్స్ 2021లో, 94వ ఏట కన్నుమూశాడు.

కేసెట్‌లోని టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపే. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. 60 అని రాసి ఉన్నదానిలో ఒక్కో వైపు అరగంట, 90లో ముప్పావుగంట. 120 కూడా వచ్చేది కానీ దాని టేపు మరీ పల్చన. యంత్రంలో చుట్టుకుపోయేది. నకలుకు నకలు తీసిన కొద్దీ చప్పుడు పెరుగుతుంది, పాట తగ్గుతుంది. కార్బను కాపీల్లో ఐదోది చదవలేకపోయేవాళ్లం, అలాగన్నమాట.

అయినా కేసెట్‌కు ఒక గొప్ప గుణం ఉంది. అందులో ఏ పాట తర్వాత ఏ పాట రావాలో నిర్ణయించేది ఇచ్చేవాడే. గురువు గారు సెక్షన్‌లో ఎవరికి బదిలీ అయినా, ఎవరింట పెళ్లి అయినా ఒక కేసెట్ చేసి ఇచ్చేవారు. ఒకే బృందం పాటలు రెండు వెంటవెంటనే పెట్టకూడదు. హుషారైన పాటతో మొదలుపెట్టి, మధ్యలో నెమ్మదించి, చివర మళ్లీ లేపాలి. టేపు ఆఖరున పాట తెగిపోకూడదు. ఇవి ఆయన నియమాలు. తీసుకునేవారి రుచి తెలిసి ఘంటసాల గారి పాట ఒకటి, సుశీల గారి పాట ఒకటి ఆ ఇంగ్లీషు పాటల మధ్య కూర్చేవారు. జాబితా మాత్రం తన సొంత కాగితం మీద, తన సొంత కలంతో. సర్కారు కాగితం, సర్కారు కార్బను ముట్టుకునేవారు కారు.

నాకు మొదట్లో ఆ ఇంగ్లీషు పాటలు గోలగానే ఉండేవి. ఆ మాటే చెప్పాను. "రెండుసార్లు విను. మూడోసారి నువ్వే అడుగుతావు" అన్నారు. అలాగే జరిగింది. ఆయన తన దగ్గర ఉంచుకునే కేసెట్ల అంచు మీద వరస నంబరు, దాని కింద "ఆర్.డిస్." అని రాసుకునేవారు. మేము నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు.

ఊరూరా ఇలాంటివారు

హైదరాబాదులో ఒక యు.డి.సి. చేసిన పనినే ఎక్కడెక్కడివాళ్లో చేశారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. న్యూయార్క్‌లో పాత రికార్డుల దుకాణంలో పనిచేస్తూ పత్రికలకు రాసే లెన్నీ కే అనే యువకుడు, ఎలెక్ట్రా కంపెనీ అధిపతి జాక్ హోల్జ్‌మన్ అడిగితే, 1965-68 మధ్య వచ్చి మరుగున పడిన 27 పాటలు ఏరి 1972లో "నగెట్స్" అనే జంట రికార్డుగా కూర్చాడు. మట్టిలో దొరికే బంగారు ముద్దలని ఆ మాటకు అర్థం. మొదట పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ కొన్నవాళ్లు ఊరుకోలేదు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని పాత సామాన్ల దుకాణాలు గాలించారు. 1970ల చివర "పెబుల్స్", అంటే గులకరాళ్లు, 1984 నుంచి ఇంగ్లండులో "రబుల్", అంటే రాళ్లగుట్ట, అనే వరసలు వచ్చాయి. పేర్లు చూడండి. బంగారం నుంచి గులకరాళ్లకు, అక్కడి నుంచి రాళ్లగుట్టకు దిగారు. ఎంత కింద వెతికినా ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది. రికార్డుల మీదికి ఎక్కనివి కేసెట్ల మీద, టపాలో, ఒక ఊరి నుంచి మరో ఊరికి తిరిగాయి. నా దగ్గర ఇది ఉంది, నీ దగ్గర ఏముంది అనే ఉత్తరాలతోనే స్నేహాలు కలిశాయి. చివరికి 1998లో పెద్ద కంపెనీయే "నగెట్స్"ను 118 పాటలతో నాలుగు సీడీలుగా తెచ్చింది.

మన దేశానికీ ఇందులో ఒక పేజీ ఉంది. ఒక సిగరెట్ల కంపెనీ నడిపిన సిమ్లా బీట్ పోటీలకు షిల్లాంగు నుంచి, మద్రాసు నుంచి, ఇంకా అనేక నగరాల నుంచి కుర్రాళ్ల బృందాలు వెళ్లేవి. 1970లో, 1971లో ఆ బృందాల పాటలతో రెండు రికార్డులు వచ్చాయి. ఇక్కడ వాటిని దాదాపు అందరూ మరిచిపోయినా, విదేశాల్లో సేకరించేవాళ్లు వెతికి పట్టుకున్నారు.

ఇది మనకు కొత్త సంగతి కూడా కాదు. కడపలో బ్రౌన్ దొర పండితులను పెట్టి తాటాకు ప్రతులకు నకళ్లు తీయించకపోతే మన పుస్తకాలు ఎన్ని చెదల పాలయ్యేవో. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు పాత గ్రామఫోను రికార్డులు పోగుచేసి ఉండకపోతే మన తొలినాటి గొంతులు ఎన్ని వినపడకుండా పోయేవో. నకలు తీసేవాడు కవి కాడు, గాయకుడు కాడు. కానీ వాడు లేకపోతే కవీ, గాయకుడూ మిగలరు.

న్యాయం మాట

ఇంత పొగిడాక రెండో పక్షం వాదన కూడా రాయకపోతే నోటింగు అసంపూర్తి. ఇలా ఎక్కించుకోవడం తప్పు కాదా? ఇంట్లో టేపు చేయడం సంగీతాన్ని చంపుతోందని బ్రిటన్ రికార్డు కంపెనీలు 1981లో ప్రచారమే నడిపాయి. కేసెట్ బొమ్మను పుర్రెలా గీసి, కింద రెండు ఎముకలు పెట్టారు. మన దగ్గర దొంగ కేసెట్లు అచ్చువేసి అమ్ముకున్నవాళ్లకు ఆ మాట తగినదే. స్నేహితుడికి ఒకటి చేసి ఇచ్చినవాడిని వాళ్లతో కలపడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా పాడినవాడికి దక్కవలసినది దక్కలేదన్న మాట అబద్ధం కాదు.

దీనికి రోడ్రిగ్జ్ కథే సాక్ష్యం. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉండే ఈ గాయకుడి తొలి రికార్డు 1970లో వచ్చింది. సొంత దేశంలో ఎవరూ కొనలేదు. పాత ఇళ్లు పడగొట్టే పనిలో కూలీగా కుదిరాడు. అదే రికార్డు దక్షిణాఫ్రికా చేరి, చేతులు మారే కేసెట్ల మీద ఇంటింటా మోగింది. అమ్ముడైన రికార్డుల రాయల్టీ అతనికి చేరలేదు సరికదా, తనకు అక్కడ పేరుందన్న సంగతి కూడా అతనికి తెలియదు. చచ్చిపోయాడని అక్కడివాళ్లు అనుకున్నారు. ఇద్దరు అభిమానులు వెతికి పట్టుకుంటే, 1998లో వెళ్లి వేలమంది ముందు పాడాడు. అతని మీద తీసిన డాక్యుమెంటరీకి 2013లో ఆస్కార్ వచ్చింది. 2023లో చనిపోయాడు. పంచినవాళ్లే అతన్ని బతికించారు, ఆ పంపకంలో అతనికి రూపాయి రాలేదు. రెండూ నిజమే.

నా తప్పు

గురువు గారు 1996లో కాలం చేశారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వారి అమ్మాయి నన్ను పిలిచి, "బాబాయి గారూ, ఇవి మీకు తప్ప ఎవరికీ అక్కర్లేదు" అని ఒక రేకు పెట్టె ఇచ్చింది. అందులో 23 కేసెట్లు, జాబితాల నోటుబుక్కు. ఎంతో భద్రంగా ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాను. అంతే. కొన్నాళ్లకు మా రికార్డరు పాడైంది. బాగు చేయించలేదు. తర్వాత పదవీ విరమణ, మోకాళ్ల నొప్పులు, పిల్లల పెళ్లిళ్లు. అంచు మీద ఆర్.డిస్. అని రాసి ఉన్న పెట్టెను నేను ఎల్.డిస్. చేసేశాను.

2019 ఎండాకాలంలో మా మనవరాలు అటక సర్దుతూ ఆ పెట్టె దించింది. మూత తీస్తే బూజు వాసన. 9 కేసెట్లలో టేపు మీద తెల్లటి బూజు పాకి, పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి, తిప్పితే తెగిపోయాయి. వాటిలోని పాటలు మరెక్కడైనా దొరకవచ్చు. గురువు గారు కూర్చిన వరస నోటుబుక్కులో ఉంది. కానీ ఆయన గదిలో ఆ రాత్రుల చప్పుడు ఇక దొరకదు. ఆ తప్పు నాదే. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మిగిలిన 14లో ఆ మూడో కేసెట్ ఉంది. మా వీధి చివర రేడియోలు బాగుచేసే అతని దగ్గర పాత రికార్డరు అడిగి తెచ్చి పెట్టాం. ఏడో పాట వచ్చింది. మొదటి క్షణాలు తెగిపోయి ఉన్నాయి. కుర్రాళ్ల గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గుడిగంటల్లా. మనవరాలు తన ఫోను దగ్గర పెట్టింది. పాట వినిపిస్తే పేరు చెప్పే సదుపాయం దానిలో ఉందట. మొదటిసారి తెలియదంది. రెండోసారీ తెలియదంది. మూడోసారి పేరు చూపించింది: "కేర్ ఆఫ్ సెల్ 44", పాడినవారు జాంబీస్.

జైలు నుంచి విడుదలై రాబోతున్న అమ్మాయికి, బయట ఎదురుచూస్తున్నవాడు రాసే ఉత్తరం ఆ పాట. "ఎవరికో ఉత్తరం" అని గురువు గారు ఊహించింది అక్షరాలా నిజం.

ఒక గుమాస్తా గాయకుడు

ఆ బృందం కథ చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఐదుగురు ఇంగ్లీషు కుర్రాళ్లు. 1964లో ఒక పాటకు పేరు వచ్చింది. తర్వాత వచ్చినవాటిలో చాలా పాటలు నడవలేదు. ఆఖరి ప్రయత్నంగా 1967లో వెయ్యి పౌన్ల ఖర్చుతో, ఎక్కువ భాగం బీటిల్స్ పాడిన స్టూడియోలోనే, ఒక రికార్డు పూర్తిచేశారు. సొమ్ము చాలకపోతే పాటలు రాసిన రాడ్ ఆర్జెంట్, క్రిస్ వైట్ తమ జేబులోంచి పెట్టారు. ఆ ఏడు నవంబరులో విడిచిన పాట మన ఏడో పాటే. ఎవరూ కొనలేదు. డిసెంబరులో బృందం విడిపోయింది. రికార్డు 1968 ఏప్రిల్‌లో బయటికి వచ్చేనాటికి దాన్ని పాడినవాళ్లు బృందంగా లేనే లేరు. అట్ట మీద పేరులో అక్షరం తప్పు పడితే అదీ అలాగే మిగిలింది.

గాయకుడు కోలిన్ బ్లన్‌స్టోన్ ఏం చేశాడో తెలుసా? లండన్‌లో ఒక బీమా కంపెనీలో, దొంగతనాల బీమా విభాగంలో గుమాస్తాగా చేరాడు. మనవాడే! అతను ఫైళ్లు చూసుకునే రోజుల్లోనే, 1969 మొదట్లో, ఆ రికార్డులోని చివరి పాట అమెరికాలో మూడో స్థానానికి ఎక్కింది. అసలు బృందం లేదు కనుక ఆ పేరుతో నకిలీ బృందాలు అమెరికాలో కచేరీలు చేసి డబ్బు చేసుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే, రిటైరయ్యాక ఉత్తర్వులు వచ్చిన నోషనల్ ప్రమోషన్ అది. పేరుకు హోదా, కుర్చీ మాత్రం లేదు.

కానీ ఆ రికార్డును మెచ్చుకున్నవాళ్లు దాన్ని వదలలేదు. చేతి నుంచి చేతికి, చెవి నుంచి చెవికి పోతూ దాని విలువ పెరుగుతూ వచ్చింది. 2008 మార్చిలో, నలభై ఏళ్లకు, మిగిలిన నలుగురూ కలిసి లండన్‌లో ఆ రికార్డు మొత్తం మొదటి నుంచి చివరి వరకు వేదిక మీద పాడారు. వాళ్లకప్పుడు అరవై దాటాయి. 2019లో, మా మనవరాలు ఆ పెట్టె దించిన సంవత్సరమే, వాళ్లకు అమెరికాలో రాక్ సంగీతానికి ఇచ్చే పెద్ద గౌరవం దక్కింది. గురువు గారు ఉండి ఉంటే ఆయనకు 77 ఏళ్లు. పేరు చెప్పగానే ముందు జాబితా తెమ్మనేవారు.

ఆయన బదులు నేను తెచ్చాను. నోటుబుక్కులో "పేరు తెలియదు" అన్నదాన్ని ఒక గీతతో కొట్టి, పక్కన పేరు రాసి, తేదీ వేసి, పొడి సంతకం చేశాను. మొదట రాసింది కనపడేలానే కొట్టాను. అలాగే చేయాలని నాకు నేర్పింది ఆయనే.

మా అబ్బాయి ఆ 14 కేసెట్లను కంప్యూటరులోకి ఎక్కించాక వారి అమ్మాయికి పంపాను. వారం తర్వాత ఫోను చేసింది. పాటల సంగతి ఎత్తలేదు. "ఏడో పాట అయిపోయాక, రికార్డరు ఆపేముందు నాన్నగారు దగ్గారు బాబాయి గారూ. విన్నారా?" అంది. నేను వినలేదు. మళ్లీ పెట్టి విన్నాను. ఉంది. రెండుసార్లు, చిన్నగా, పిల్లలు లేస్తారేమోనన్నట్టు.

మనవి

సభ్యులందరికీ ఒక విన్నపం. మీ ఇళ్లలో కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. పెళ్లిలో నాదస్వరం, అమ్మగారి మంగళహారతి, గల్ఫు నుంచి కొడుకు మాట్లాడి పంపిన కేసెట్, రేడియో నాటకం, ఏదైనా కావచ్చు. పనికిరాదని పారేయకండి. నాలాగా భద్రమనుకుని మరిచిపోకండి కూడా. పొడిగా ఉన్న చోట, స్పీకర్లకు, అయస్కాంతాలకు దూరంగా నిలబెట్టి ఉంచండి. వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేస్తే దాని మీద పొరపాటున మరొకటి ఎక్కదు. బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టవద్దు, తెలిసినవారికి చూపండి. నకలు తీయడానికి తొందరపాటు పనికిరాదు. 90 నిమిషాల కేసెట్‌కు 90 నిమిషాలూ పడుతుంది. పిల్లల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

అన్నిటికంటే ముందు, పైన ఏముందో రాయండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం. తెలియకపోతే తెలియదని రాయండి. ఆ ఖాళీని తర్వాత వచ్చేవాడు నింపుతాడు.

ఇక సెలవు.